రావ్–బ్లాక్‌వెల్ థీరమ్ క్లాసులో బ్లాక్‌వెల్ గురించి ఎలా చెప్పాలి

డిగ్రీ స్టాటిస్టిక్స్ పిల్లలకు సి.ఆర్. రావు గారంటే అభిమానం. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మన మనిషి. థీరమ్‌లో ఆయన పక్కనున్న బ్లాక్‌వెల్ ఎవరని మాత్రం అడగరు. ఎన్‌విడియా చిప్ పేరు కదా మేడమ్ అంటారు. 2024లో వచ్చిన ఆ చిప్‌కు పెట్టింది ఈయన పేరేనని చెప్పి, అక్కడి నుంచే అందుకోండి.

మొరటు అంచనాను మెరుగుపరిచే దారి చూపే ఈ థీరమ్ రాయకముందు పావుగంట డేవిడ్ బ్లాక్‌వెల్‌కు ఇవ్వండి. 1919లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో, సెంట్రేలియా అనే ఊళ్లో పుట్టారు. తండ్రి రైల్వేలో పనిచేసేవారు. పదహారేళ్లకు కాలేజీలో చేరింది చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే టీచరవుదామని. ఇరవై రెండేళ్లకు, 1941లో, గణితంలో పీహెచ్‌డీ వచ్చేసింది.

‘వివక్ష ఎదుర్కొన్నారు’ అని ఒక్క ముక్కలో దాటేయకండి. ఏం జరిగిందో విడమరిచి చెప్పండి. ప్రిన్స్‌టన్‌లోని అడ్వాన్స్‌డ్ స్టడీ ఇన్‌స్టిట్యూట్‌కు వెళితే, అక్కడి సభ్యులకు మామూలుగా ఇచ్చే గౌరవ హోదా నల్లజాతీయుడికి ఇవ్వడానికి ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ఒప్పుకోలేదు. 1942లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీలో ఉద్యోగానికి ప్రముఖ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త జెర్జీ నేమన్ ఇంటర్వ్యూ చేసి మెచ్చుకున్నా, రంగు అడ్డొచ్చింది. నల్లజాతి కాలేజీలకు వందకు పైగా ఉత్తరాలు రాసుకున్నారు. 1944లో నల్లజాతి విద్యాసంస్థే అయిన హోవార్డ్ యూనివర్సిటీలో కుదురుకున్నారు. మన సిలబస్‌లోని ఈ థీరమ్ ఉన్న 1947 పేపరు అక్కడ ఉండగా వచ్చిందే. బర్క్‌లీకి వెళ్లింది 1954లో. అక్కడ శాశ్వత ప్రొఫెసర్ పదవి పొందిన తొలి నల్లజాతీయుడు ఆయనే. 1965లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు ఎన్నికైన తొలి నల్లజాతీయుడూ ఆయనే. నాకైతే ఈ పదవుల కన్నా ఆ ఉత్తరాల సంగతే ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. ఉద్యోగాల టెన్షన్‌లో ఉన్న ఫైనలియర్ పిల్లలు అక్కడ చెవులు రిక్కిస్తారు.

ఇక నాణెం తీయండి. ఐదుసార్లు ఎగరేసి, బొమ్మ పడే సంభావ్యతను మొదటిసారి పడినదాన్ని బట్టే అంచనా వేయమనండి. బొమ్మైతే 1, బొరుసైతే 0. పక్షపాతం లేని అంచనాయే, అంటే చాలాసార్లు చేస్తే సగటున అసలు విలువే వస్తుంది, కానీ చాలా మొరటుది. ఇప్పుడు ఐదింట్లో మొత్తం మూడు బొమ్మలు పడ్డాయని చెప్పండి. అలా పడే వరసలన్నీ పిల్లల చేతే బోర్డు మీద రాయించండి. మీరు రాసేయొద్దు. మొత్తం పది వస్తాయి. అన్నింటికీ సమాన అవకాశం. బొమ్మతో మొదలయ్యేవాటికి గీత పెట్టమంటే ఆరు తేలతాయి. ఆరు బై పది, అంటే మూడు బై ఐదు. ఐదు ఫలితాల సగటు దానంతటదే బయటికొచ్చింది! మొత్తం బొమ్మల సంఖ్య ఇక్కడ సఫిషియెంట్ స్టాటిస్టిక్, అంటే సంభావ్యత గురించి డేటా చెప్పగలిగినదంతా అందులోనే ఉంది. దాన్ని పట్టుకుని సగటు తీస్తే మొరటు అంచనా మెరుగుపడింది.

రావు గారు 1945లో, బ్లాక్‌వెల్ 1947లో, ఎవరికి వారే దీన్ని కనుగొన్నారని అప్పుడు చెప్పండి. ప్రూఫ్ మరుసటి క్లాసుకు ఉంచుకోండి. బ్లాక్‌వెల్ పేపరు శీర్షిక ‘కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్’ (ఒక సంగతి తెలిశాక తీసే సగటు) అనే మొదలవుతుంది. ఆ పది వరసలు రాసిన పిల్లలకు ఆ మాట చూసి బెదురు ఉండదు.