కరెంటు పెట్టే మిషన్ పనిచేస్తోంది, చేతి వేళ్లు తెరుచుకోవడం లేదు: సమస్య - పరిష్కారం

పక్షవాతం వచ్చి ముడుచుకున్న చేతికి ఆసుపత్రిలో 'కరెంటు పెట్టాక' ఇంటి దగ్గర వాడుకోమని, చర్మానికి అంటించే ప్యాడ్ల ద్వారా కరెంటు పంపి కండరాన్ని కదిలించే చిన్న మిషన్ రాసిస్తుంటారు. తిరుపతిలో చూపించుకుని పలమనేరుకో పుంగనూరుకో వెళ్లిపోయినవాళ్లు, అది సరిగా పనిచేయకపోతే వెంటనే వెనక్కి రాలేరు. అప్పుడు ఎక్కువమంది చేసేది ఒక్కటే, నాబ్ తిప్పి కరెంటు పెంచడం. నిజానికి అది అన్నీ చూశాక చేయాల్సిన పని. ముందు చూడాల్సింది ప్యాడ్‌ని, చర్మాన్ని, వైరుని.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ మిషన్ జోలికి వెళ్లకూడదు. మూర్ఛలు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరు ఒప్పుకుంటేనే వాడాలి. పుండు మీద, మెడ ముందు భాగంలో ప్యాడ్ పెట్టకూడదు. ఛార్జింగ్‌లో ఉండగా మిషన్ వాడకూడదు.

మామూలుగా పెట్టే సెట్టింగ్ ఇలా ఉంటుంది: 35 హెర్ట్జ్ (సెకనుకు 35 పల్స్‌లు, అంటే కరెంటు తట్లు), ఒక్కో పల్స్ పొడవు 250 నుంచి 300 మైక్రోసెకన్లు, 5 సెకన్లు ఆన్, 10 సెకన్లు ఆఫ్, కరెంటు మెల్లగా ఎక్కడానికి 2 సెకన్లు. మీ ఫిజియోథెరపిస్టు వేరే అంకెలు రాసిచ్చి ఉంటే వాటినే పాటించండి.

లైటు వెలుగుతోంది, చేతికి ఏమీ తెలియడం లేదు

ఎక్కువగా ఇది వైరు తప్పే. ప్లగ్గు దగ్గర వంగి వంగి లోపలి తీగ తెగుతుంది, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. మిషన్‌కు ఉన్న రెండో ఛానల్ వైరును దీని బదులు పెట్టి చూడండి. మల్టీమీటర్ ఉంటే వైరును మిషన్ నుంచి తీసేసి కంటిన్యుటీ (తీగ తెగకుండా ఉంటే మోత వచ్చే సెట్టింగ్) పెట్టి, ప్లగ్గు దగ్గర అటూఇటూ వంచండి. మోత ఆగి ఆగి వస్తుంటే ఆ వైరు పారేయాల్సిందే. 9 వోల్టుల బ్యాటరీ బాగా దిగిపోయి ఉంటే మార్చండి. లైటుకు చాలినంత శక్తి ఉన్నా కండరాన్ని కదిలించడానికి అది చాలదు.

సూదులు గుచ్చినట్టు మంట, కదలిక మాత్రం లేదు

ప్యాడ్ పూర్తిగా అంటుకోలేదని అర్థం. 5×5 సెంటీమీటర్ల ప్యాడ్ సగం లేచిపోయినా మిషన్ అంతే కరెంటు తోస్తుంది. అది మిగిలిన సగంలోంచే పోవాలి కాబట్టి అక్కడ చర్మం మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. మంట అందుకే. ఇక్కడ నాబ్ పెంచితే చర్మం కాలుతుంది. స్పర్శ తగ్గిన చేతికైతే కాలుతున్నట్టు కూడా తెలియదు.

మాలిష్ చేసిన నూనెను సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా తుడవండి. వెంట్రుకలు కత్తెరతో కురచగా కత్తిరించండి. బ్లేడు వాడితే కంటికి కనిపించని గాట్లు పడి మంట ఇంకా ఎక్కువవుతుంది. ప్యాడ్ మీది జెల్ ఎండిపోయి ఉంటే ఒక్క చుక్క నీళ్లు రాసి రెండు నిమిషాలు ఆగండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు జెల్ తొందరగా పాడవుతుంది. వాడగానే ప్లాస్టిక్ షీటుకు అంటించి, మూత ఉన్న కవరులో చల్లని చోట పెట్టండి. అయినా అంటుకోకపోతే కొత్త ప్యాడ్లు కొనండి.

ప్యాడ్ తీశాక కనిపించే ఎరుపు గంటలోపు పోవాలి. పోకపోతే, బొబ్బ కనిపిస్తే ఆపేయండి.

మణికట్టు లేస్తోంది, వేళ్లు ముడుచుకునే ఉన్నాయి

అన్నిటికంటే ఎక్కువ ఓపిక అడిగేది ఇదే. చేతిని బల్ల మీద దిండుపై, అరచెయ్యి కిందికి ఉండేలా పెట్టండి. మోచేతి బయటి వైపు ఎముక బుడిపె తగులుతుంది. దానికి రెండు మూడు వేళ్ల దిగువన, ముంజేతి వెనకవైపు నల్ల వైరు ప్యాడ్. మణికట్టుకు నాలుగు వేళ్ల పైన, అదే వైపు ఎర్ర వైరు ప్యాడ్.

మణికట్టు బొటనవేలి వైపు ఒరుగుతూ లేస్తుంటే నల్ల ప్యాడ్‌ను ఒక సెంటీమీటరు చిటికెన వేలి వైపు జరపండి. వేళ్లు తెరుచుకుని మణికట్టు వాలిపోతుంటే బొటనవేలి వైపు, కొంచెం పైకి జరపండి. ప్రతిసారీ కరెంటు సున్నాకు తెచ్చాకే ప్యాడ్ ముట్టుకోండి. అరచెయ్యి తిప్పితే చర్మం కండరం మీద జారుతుంది. అందుకే ఏ భంగిమలో సాధన చేస్తారో ఆ భంగిమలోనే చోటు వెతకాలి. దొరికాక స్కెచ్ పెన్నుతో చుట్టూ గీసి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

అప్పటికీ వేళ్లు తెరుచుకోకపోతే కరెంటు తగ్గించి చూడండి. ఎక్కువైనప్పుడు అది లోతుకు పోయి వేళ్లు ముడిచే కండరాలను కూడా లాగుతుంది. తగ్గించినా ముడుచుకునే ఉంటే బిగుసుకుపోయిన కండరం అడ్డుపడుతోంది. మిషన్ పెట్టేముందు పది నిమిషాలు వేళ్లను, మణికట్టును మెల్లగా చాపించండి.

మొదట బాగుంది, ఐదు నిమిషాలకే వదులైపోయింది

కండరం అలసిపోయింది. మన ఇష్టంతో కదిలించినప్పుడు కండరపు పోగులు వంతులవారీగా పనిచేస్తాయి. మిషన్ ఒకే గుంపును మళ్లీ మళ్లీ లేపుతుంది. ఆఫ్ సమయాన్ని 15 సెకన్లు చేయండి, హెర్ట్జ్‌ను 30కి దించండి. రోజుకు అరగంట ఒకేసారి కాకుండా 15 నిమిషాల చొప్పున రెండు పూటలు పెట్టండి.

చెయ్యి విరిగాక మణికట్టు వాలిపోయింది, ఎక్కడ పెట్టినా కదలదు

ఇది పక్షవాతం కాదు, మిషన్ తప్పూ కాదు. భుజం నుంచి మోచేతి దాకా ఉన్న ఎముక విరిగినప్పుడు దాన్ని చుట్టి పోయే రేడియల్ నరం దెబ్బతినవచ్చు. పక్షవాతంలో నరం, కండరం బాగానే ఉండి మెదడు నుంచి ఆజ్ఞ రాదు. ఇక్కడ నరమే తెగిందో నలిగిందో అయి ఉంటుంది. ఈ చిన్న మిషన్ కదిలించేది నరాన్నే. నరంతో సంబంధం పోయిన కండరానికి 300 మైక్రోసెకన్లు ఏమాత్రం చాలవు, దాదాపు వంద మిల్లీసెకన్ల పొడవైన పల్స్ కావాలి. అది వేరే రకం మిషన్, ఆసుపత్రిలో చేయించుకోవాల్సిన పని.

పుత్తూరు కట్టు కట్టించుకున్నా, ఆసుపత్రిలో ప్లేటు వేయించుకున్నా, మణికట్టు లేవడం లేదంటే ఆగకుండా డాక్టరుకు చూపించండి. మూడు వారాల తరువాత ఈఎంజీ (కండరాల పరీక్ష), నరాల పరీక్ష చేస్తే దెబ్బ ఎంతో స్పష్టంగా తెలుస్తుంది. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది కాబట్టి కోలుకోవడానికి నెలలు పడుతుంది. అంతదాకా మణికట్టును ఎత్తిపట్టే స్ప్లింట్ తప్పనిసరి.

మిషన్ ఉంటే తెరుచుకుంటుంది, తీస్తే లేదు

టీవీ చూస్తూ చెయ్యి వదిలేసి కూర్చుంటే ఇలాగే అవుతుంది. కరెంటు ఎక్కే ప్రతిసారీ 'నేనే తెరుస్తున్నాను' అని గట్టిగా ప్రయత్నించాలి. ఖాళీ స్టీలు గ్లాసు పట్టించి, కరెంటు వచ్చినప్పుడు వదలమనండి. తరువాత వేరుశనగ కాయలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి. కదలిక కనిపించే కొద్దీ కరెంటు తగ్గిస్తూ పొండి. సెట్టింగ్ అంకెలు, ప్యాడ్ల ఫోటో, మిషన్ లేకుండా వేళ్లు ఎంత తెరుచుకుంటున్నాయో చూపే చిన్న వీడియో వారానికొకటి దాచి, వచ్చే చెకప్‌కి పట్టుకెళ్లండి.