స్పినెట్ పియానోలో కీ చచ్చిపోయిందా? ముందు కింది ప్యానెల్ తీయండి

కీ నొక్కితే శబ్దం లేదు, వేలికి బరువూ తగలట్లేదు. ఇలా అయిందంటే చాలామంది పైమూత ఎత్తి హ్యామర్ల వైపు చూస్తూ కూర్చుంటారు. స్పినెట్‌లో (పొట్టిగా నిలబడే పియానో) యాక్షన్, అంటే కీ కదలికని తీగని కొట్టే హ్యామర్‌కి చేర్చే యంత్రాంగం, కీల కంటే కింద ఉంటుంది కాబట్టి కింది ప్యానెల్ తీసి టార్చి వేయండి, రెండు నిమిషాల పని.

కీ కిందికెళ్లి పైకి రాకపోతే అది వేరే సంగతి: పక్కన పెన్సిలో నాణెమో ఇరుక్కుని ఉంటుంది, లేదా తేమకి ఉబ్బి ఉంటుంది. హ్యామర్ షాంక్ (హ్యామర్ తలని మోసే సన్న పుల్ల) విరగడం అరుదు, విరిగితే చూడగానే తెలుస్తుంది.

అసలు దొంగ ఎల్బో. కీ వెనక చివర నుంచి కిందికి దిగే వైరుని యాక్షన్‌కి కలిపే చిన్న ముక్క అది. 1940లు, 50లలో చాలా స్పినెట్లకి ప్లాస్టిక్‌వి పెట్టారు, ఇప్పుడవి బిస్కెట్‌లా పొడి అవుతున్నాయి. అడుగున గోధుమరంగు పెంకులు రాలి ఉంటే ఇక వేరే కారణం వెతకక్కర్లేదు. నేను మొదట్లో విరిగిన ఒక్కటే మార్చి మూసేశాను, కొన్నాళ్లకే దాని పక్కది పోయింది, తర్వాత ఇంకోటి, ఆ ఇంటికి మూడుసార్లు వెళ్లాను. అన్నీ ఒకే వయసువి కదా, ఒకటి పోయిందంటే మొత్తం 88 కీలవీ మార్చాల్సిందే. జిగురు పెట్టకండి, నిలబడదు.

వైర్లన్నీ కీల నుంచి విడదీసి, యాక్షన్ బయటకి తీయండి. విడదీసేటప్పుడు ఏ వైరు ఏ కీదో నంబరు వేసుకోకపోతే తర్వాత ఏడుపే. పాత ఎల్బోని ప్లయర్‌తో నలిపేస్తే పిన్ను మిగులుతుంది, దాన్ని తుడిచి కొత్త స్నాప్ రకం ఎల్బో నొక్కితే టక్కున కూర్చుంటుంది. వైరుని పాత పొడవుకే బిగించండి. పొడవైతే కీ కొంత దిగాకే హ్యామర్ కదులుతుంది, పొట్టైతే అదే నోటు వెంటవెంటనే పలకదు.

ఎల్బోలు చెక్కవైతే ఇవేవీ అక్కర్లేదు, వైరు కీ నుంచి జారిందేమో చూడండి చాలు.

ఇంకోటి, 88 ఎల్బోలు కొనేముందు ట్యూనింగ్ పిన్నులు (తీగలు చుట్టి ఉండే మేకులు) బిగువుగా ఉన్నాయో లేదో పియానో శ్రుతి చేసేవాళ్లకి చూపించుకోండి. అవి వదులైపోయి శ్రుతి నిలవని పియానోకి ఇంత పని చేయడం నాకైతే ఇష్టం ఉండదు.