తొమ్మిది రోజుల సెలవులో వియత్నాం: గోదారి డెల్టా నుంచి వీపు సంచితో సొంతంగా వెళ్లొచ్చే లెక్క

దాళ్వా కోతలు అయిపోయి, కాలువలు కట్టేసి, బడులకు సెలవులిచ్చిన మే నెలలోనే డెల్టాలో చాలామందికి కాస్త తీరిక చిక్కుతుంది. ఆ తీరికా కొలిచి పోసినట్టే ఉంటుంది. ఉద్యోగం చేసేవాళ్లకైతే ఐదు రోజుల సెలవు, దానికి అటూ ఇటూ రెండేసి శని ఆదివారాలు, వెరసి తొమ్మిది రోజులు. ప్యాకేజీ కొనకుండా, ఏజెంటు చేతిలో పడకుండా ఆ తొమ్మిది రోజుల్లో ఒక దేశం తీరిగ్గా చూసి రావచ్చు. వియత్నాంను ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతి చెబుతున్నాం. వేరే దేశం ఎంచుకున్నా ఊళ్ల పేర్లు మారతాయి గానీ లెక్క మారదు.

రోజులు కాదు, రాత్రులు లెక్కపెట్టండి

కాగితం మీద పది గీతలు గీసి, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో రాయండి. శుక్రవారం రాత్రి హైదరాబాద్ వెళ్లే రైల్లో. శనివారం రాత్రి విమానంలో. తిరుగు ప్రయాణంలో శనివారం రాత్రి మళ్లీ విమానంలోనో, దారిలో విమానాశ్రయంలోనో. ఆదివారం రాత్రి ఇంటికొచ్చే రైల్లో. పదిలో నాలుగు దారికే పోయాయి, మిగిలినవి ఆరు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఇచ్చే ఏడు రోజుల, ఎనిమిది రోజుల ప్రణాళికలు మనకు అతకనిది ఇందుకే. అమలాపురం వాళ్లకు రైలే లేదు, రావులపాలెం మీదుగా రాజమండ్రి వచ్చి ఎక్కాలి. వాళ్లు శుక్రవారం మధ్యాహ్నం నుంచే లెక్క కట్టుకోవాలి. పైగా వియత్నాం గడియారం మనకంటే గంటన్నర ముందు ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు ఆ గంటన్నర కూడా పోతుంది.

ఊరు మారిన ప్రతిసారీ గది ఖాళీ చేయడం, స్టేషనుకు పోవడం, కొత్త ఊళ్లో దారి వెతుక్కోవడం కలిసి సగం రోజు తినేస్తాయి. ఆరు రాత్రులకు మూడు మజిలీలు హాయి. నాలుగు కుదరాలంటే అన్నీ ఒకే రైలు దారి మీద ఉండాలి. హనోయి నుంచి సైగాన్ (హోచిమిన్ నగరం) దాకా 1,726 కిలోమీటర్ల రైలు మార్గం ఉన్నా, మన సమయానికి పై సగమే చాలు: హనోయి, నిన్ బిన్, హ్యూ, ద నాంగ్. హనోయిలో దిగి ద నాంగ్‌లో విమానం ఎక్కండి. దిగిన ఊరికే మళ్లీ వెనక్కి రావడం ఒక పగలు, ఒక టికెట్టు దండగ. టికెట్ల సైట్లలో రానూపోనూ బదులు మల్టీ సిటీ నొక్కితే ఇలా దొరుకుతుంది.

ఏం చూడాలన్నదానికంటే ఏం వదలాలన్నది ముందు తేల్చుకోండి. మెకాంగ్ డెల్టా పడవ షికారు వదిలేయండి. కొబ్బరి చెట్లు, కాలువలు, వరి చేలు, మడ అడవుల్లో పడవలు చూడటానికి దిండికో కోరింగకో పోతే చాలు, వేల రూపాయలు పోసి మన ఊరిలాంటి ఊరికే వెళ్లనక్కర్లేదు. సముద్రంలో సున్నపురాయి కొండలుండే హా లాంగ్ బే గొప్పదే గానీ దానికి దాదాపు రెండు రోజులు పెట్టాలి. అలాంటి సున్నపురాయి కొండలే నేల మీద, నదుల మధ్య నిన్ బిన్‌లో ఉన్నాయి, అదీ మీ రైలు దారిలోనే.

తేదీలు

ఏప్రిల్ 30, మే 1 వాళ్లకు జాతీయ సెలవులు. ఆ వారంలో రైళ్లు, గదులు ముందే నిండిపోతాయి. జూన్ నుంచి వాళ్ల పిల్లలకు వేసవి సెలవులు, సముద్రతీరపు ఊళ్లు కిటకిటలాడతాయి. మే రెండో వారం నుంచి నెలాఖరు వరకు మనకు సరిపోయే సమయం. హ్యూ, ద నాంగ్ వైపు అప్పుడు వాన తక్కువ. ఎండ మాత్రం మన రోహిణి కార్తెకు తీసిపోదు, ఉక్కపోతా అంతే. మనకు అలవాటైనదే, కానీ మనం ఆ ఎండలో మిట్టమధ్యాహ్నం గుళ్లూ గోపురాలూ ఎక్కం కదా. అక్కడా పొద్దున్నే తిరగండి, 11 నుంచి 3 దాకా నీడపట్టున ఉండండి.

మేలో బంగాళాఖాతంలో తుపానులు పుడతాయి. 2022 మేలో అసని మచిలీపట్నం, నరసాపురం మధ్యే తీరం దాటింది. అలాంటప్పుడు రైళ్లు రద్దవుతాయి. అందుకే రైలు చేరే సమయానికి, అంతర్జాతీయ విమానానికి మధ్య కనీసం 8 గంటలు పెట్టుకోండి. మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి హైదరాబాద్‌కు విమానంలో వెళ్దామనుకున్నా ఆ రోజు పొద్దుటి విమానమే ఎంచుకోండి.

పాస్‌పోర్టు, అందులో పేరు

మనవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చేది పేరే. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. లేదా ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరూ అసలు పేరూ కలిపి ఒకే గడిలో ఉంటాయి. పెళ్లయిన ఆడవాళ్లకు ఒక కాగితంలో పుట్టింటి పేరు, ఇంకో దాంట్లో అత్తవారి పేరు. విదేశీ ప్రయాణంలో పాస్‌పోర్టు మాటే మాట. ఫొటో ఉన్న పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి. అక్కడ పేరు ఎలా, ఏ వరుసలో ఉందో టికెట్టులోనూ వీసా దరఖాస్తులోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే వేయండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, సమయం ఉన్నప్పుడే పేరు విడగొట్టి పాస్‌పోర్టు మళ్లీ చేయించుకోవడం మంచిది. 2022 చివర్లో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టుతో వచ్చే సందర్శకులపై ఆంక్షలు పెట్టింది, కాబట్టి దుబాయ్ మీదుగా ఆగి వెళ్లాలనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

పాస్‌పోర్టు గడువు ప్రయాణం తర్వాత ఇంకా 6 నెలలు ఉండాలి. కొత్తది కావాలంటే మూడు నెలల ముందే మొదలుపెట్టండి. భీమవరంలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. పెద్దలకు 36 పేజీల పుస్తకం రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000.

వీసా

వియత్నాం ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లకు 50. 2023 ఆగస్టు నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు. తిరస్కరించినా డబ్బు తిరిగి రాదు. దరఖాస్తు చేసే సైటు చిరునామా చివర గవ్ డాట్ వీఎన్ ఉందో లేదో చూసుకోండి. అచ్చం ప్రభుత్వ సైటులా కనిపిస్తూ రెండు మూడింతలు గుంజేవి వెతకగానే ముందు వరుసలో కనిపిస్తాయి. మూడు పనిదినాలు అంటారు గానీ మూడు వారాల ముందు పెట్టండి. కళ్లజోడు పెట్టుకున్న ఫొటో, అడుగు రెండు వరుసలు తెగిపోయిన పాస్‌పోర్టు ఫొటో, తారుమారైన పేరు: సాధారణంగా దరఖాస్తు వెనక్కి వచ్చేది వీటివల్లే. దిగే విమానాశ్రయంగా హనోయిలోని నోయ్ బాయ్, తిరిగి వెళ్లేందుకు ద నాంగ్ ఎంచుకోండి. అర్ధరాత్రి దాటాక బయల్దేరే విమానాలతో జాగ్రత్త. ఆదివారం 00:40 అంటే మనం ఇంట్లో శనివారం రాత్రి అనుకునేదే. ఈ ఒక్క పొరపాటుతో విమానాశ్రయానికి ఒక రోజు ఆలస్యంగా చేరేవాళ్లున్నారు.

మన ఇమిగ్రేషన్ కౌంటరులో తిరుగు టికెట్టు, గది బుకింగు, చేతిలో డబ్బు గురించి అడుగుతారు. ఉద్యోగాల పేరుతో మన కుర్రాళ్లను కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాల కొట్టాల్లో పడేసిన కేసులు బయటపడ్డాక ఆ వైపు వెళ్లే యువకులను మరింత గట్టిగా ప్రశ్నిస్తున్నారు. చిరాకు పడకండి, అది మన మంచికే. కాగితాలు అచ్చువేసి చేతిలో పెట్టుకుని, ఎక్కడికి, ఎన్ని రోజులకు, ఎప్పుడు తిరిగొస్తారో సూటిగా చెప్పండి.

టికెట్లు

మన రైళ్ల బుకింగు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. మే నెల పెళ్లిళ్ల కాలం, గౌతమి గానీ నరసాపురం నుంచి వచ్చే రైళ్లు గానీ రోజుల్లోనే వెయిటింగ్ లిస్టుకు పోతాయి. విమానం టికెట్టు ఖాయమైన రోజే రానూపోనూ రైలు చూసుకోండి. సికింద్రాబాద్ నుంచి శంషాబాద్‌కు పుష్పక్ బస్సులున్నాయి.

హైదరాబాద్ నుంచి హనోయికి, హోచిమిన్ నగరానికి నేరుగా వెళ్లే విమానాలు 2025లో మొదలయ్యాయి, అవీ వారంలో కొన్ని రోజులే. మీ రోజుకు లేకపోతే కౌలాలంపూర్, బ్యాంకాక్, సింగపూర్ మీదుగా వెళ్లాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండు ముక్కలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే మొదటి విమానం ఆలస్యమైనా రెండో దాని బాధ్యత వాళ్లది. చవకగా వస్తోందని విడివిడిగా కొంటే, మధ్య ఊళ్లో ఇమిగ్రేషన్ దాటి బయటకు వచ్చి, సంచి తీసుకుని, మళ్లీ చెకిన్ చేయాలి. విమానం తప్పితే రెండో టికెట్టు గంగలో కలిసినట్టే. కౌలాలంపూర్‌లో అలా చేయాలంటే మన పాస్‌పోర్టుకు 2026 డిసెంబరు 31 వరకు వీసా అక్కర్లేదు గానీ, చేరడానికి మూడు రోజుల లోపు డిజిటల్ ఎరైవల్ కార్డు నింపి ఉండాలి. విడి టికెట్ల మధ్య 5 గంటలకు తగ్గకుండా చూసుకోండి.

వియత్నాంలో నిన్ బిన్ నుంచి హ్యూకు రాత్రి రైలుకు మాత్రం ముందే బుక్ చేయండి. నాలుగు బెర్తుల సాఫ్ట్ స్లీపరు కింది బెర్తు ఖరీదెక్కువ, అయినా మంచిది. ఆరు బెర్తుల బోగీలో పై బెర్తు మీద లేచి కూర్చోలేరు. టికెట్టు మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది.

ఆరు రాత్రులు

ఆదివారం హనోయి, పాత బస్తీలోనే గది. ఆ పూట నిద్ర తీర్చుకుని సాయంత్రం నడవండి. సోమవారం పొద్దున్నే 115 కిలోమీటర్ల దూరంలోని నిన్ బిన్‌కు రైలు, రెండు గంటల పైచిలుకు. ట్రాంగ్ ఆన్‌లో తెడ్డు పడవ మీద గుహల్లోంచి పోవడం మూడు గంటల పని. మే చివర్లో తమ్ కొక్‌లో వరి పండి పసుపు పచ్చగా ఉంటుంది. మన చేలల్లో కోత అయిపోయిన మోళ్లు చూసి వెళ్లినవాళ్లకు అది కన్నులపండుగ. మంగళవారం రాత్రి రైలు. బుధవారం హ్యూ, 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజుల రాజధాని. గురువారం హ్యూ నుంచి ద నాంగ్ రైలు మూడు గంటల లోపే, హాయ్ వాన్ కనుమ మీదుగా. ఎడమ వైపు కిటికీ సీటు తీసుకోండి, సముద్రం అటే. ద నాంగ్ నుంచి హోయ్ ఆన్ 30 కిలోమీటర్లు, అక్కడికి రైలు లేదు. రెండు రాత్రులూ అక్కడే.

శుక్రవారం తెల్లవారకముందే ‘మీ సన్’ అనే పాత గుళ్ల చోటుకు బయల్దేరండి. అక్కడి పాత చంపా రాజ్యపు రాజులు నాలుగో శతాబ్దం నుంచి భద్రేశ్వరుడనే పేరుతో శివుణ్ణి కొలిచిన ఇటుక గుళ్లు అవి, శాసనాల్లో సంస్కృతం కనిపిస్తుంది. 1969 బాంబు దాడుల్లో చాలా కూలిపోయాయి. మన పురావస్తు శాఖ వాళ్లే కొన్నిటిని బాగుచేశారు, 2020లో ఆ పనిలోనే ఏకశిలా శివలింగం బయటపడింది. శనివారం పగలు ఖాళీగా ఉంచండి. రైలు ఆలస్యమైనా, కడుపు చెడినా ఆ రోజే ఆదుకుంటుంది.

బైకు అద్దెకు తీసుకోకండి. మన ఆర్టీవో ఆఫీసు ఇచ్చే అంతర్జాతీయ లైసెన్సు 1949 జెనీవా ఒప్పందం కిందిది, వియత్నాం ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందం కిందిది. అద్దెకిచ్చేవాడు అడగడు, ప్రమాదం జరిగితే బీమా వాళ్లు అడుగుతారు. హాయ్ వాన్ కనుమను బండి మీద దాటాలనిపిస్తే నడిపే మనిషితో సహా మాట్లాడుకోండి.

డబ్బు, ఫోను

రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. గదికి, తిండికి, ఊళ్లో తిరగడానికి రోజుకు 2,500 నుంచి 3,000 రూపాయలు అనుకుంటే ఇబ్బంది ఉండదు. అక్కడి నోట్లు ప్లాస్టిక్‌వి, ఒకదానికొకటి అంటుకుంటాయి. 20,000 నోటూ 500,000 నోటూ రెండూ నీలమే. చీకట్లో టాక్సీ దిగుతూ 70 రూపాయల నోటనుకుని 1,700 రూపాయల నోటు ఇచ్చేస్తారు. పర్సులో ఐదు లక్షల నోట్లను వేరే అరలో పెట్టండి, ఇచ్చేటప్పుడు సున్నాలు లెక్కపెట్టి ఇవ్వండి. కార్డు మీద విదేశీ వాడకం మామూలుగా ఆపేసి ఉంటుంది, బ్యాంకు యాప్‌లో మీరే తెరవాలి. 200 డాలర్లు నగదుగా పెట్టుకోండి. మడతలు, మరకలు లేని కొత్త నోట్లే అడిగి తీసుకోండి, నలిగినవి అక్కడ తిప్పికొడతారు.

ఓటీపీ రావాలంటే మన సిమ్ ఫోన్లో ఉండాలి, రోమింగ్ ఇక్కడే చేయించాలి. టాక్సీలు పిలిచే గ్రాబ్ యాప్ కూడా ఇంట్లోనే తెరిచి కార్డు ఎక్కించుకోండి. అక్కడ టాక్సీ బేరాల గొడవ దాంతో తీరిపోతుంది.

సంచి

చవక విమానాల్లో చేతి సంచి 7 కిలోలే. 40 లీటర్ల సంచి కొని, సర్దాక కిరాణా కొట్టు కాటా మీద తూయించండి. మూడు జతల బట్టలు, ఒక జత చెప్పులు, ఒక జత బూట్లు. దళసరి టర్కీ తువ్వాలు వద్దు, రెండు నేత తుండ్లు పెట్టుకోండి. రాత్రి పిండి ఆరేస్తే తెల్లారేసరికి ఆరతాయి, ‘మీ సన్’ గుళ్ల దగ్గర నెత్తికి చుట్టుకోవచ్చు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే. రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడ పడుతుంది, మూడు పిన్నులది పట్టదు.

మేలో పెట్టిన కొత్తావకాయ వదిలి వెళ్లాలంటే ప్రాణం ఒప్పదు. కానీ చేతి సంచిలో ఊరగాయ ఉంటే భద్రతా తనిఖీ దగ్గర తీసేస్తారు. ఎండుకొబ్బరి ఏ సంచిలోనూ పెట్టకండి. దానికదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. కందిపొడి పావుకిలో సంచిలో ఉంటే ఏ ఊళ్లోనైనా అన్నం దొరుకుతుంది కాబట్టి ఒక పూట గడుస్తుంది. గది ఇచ్చినవాళ్లకు ఏదైనా ఇవ్వాలనిపిస్తే ఆత్రేయపురం పూతరేకులు గట్టి డబ్బాలో తీసుకెళ్లండి, తాపేశ్వరం కాజా పాకం మాత్రం సంచంతా కారుతుంది.

చేపలు తినేవాళ్లకు తిండికి లోటు లేదు. శాకాహారులు "తోయ్ అన్ చాయ్" అనే ముక్క నేర్చుకోవాలి, నేను శాకాహారం తింటాను అని. కూరగాయల పులుసులో కూడా నుక్ మామ్ అనే చేపల రసం పోస్తారు, అందుకని మాంసం వద్దు అంటే సరిపోదు. చాయ్ అని బోర్డున్న కొట్టు వెతకండి. హ్యూలో అవి బోలెడు, పౌర్ణమి, అమావాస్యల సమయంలో మరీ కళకళలాడతాయి.

తిరుగు విమానం హైదరాబాద్‌లో దిగేది ఆదివారం మధ్యాహ్నం లోపైతేనే ఆ రాత్రి రైలుకు బుక్ చేయండి. సాయంత్రం దిగేటట్లయితే సోమవారం కూడా సెలవు పెట్టేసుకోండి.