చీర ఫోటోలో గళ్లు వంకర రాకుండా

నారాయణపేట గళ్ల చీర ఫోటో పంపితే, "దగ్గరి గళ్లు పెద్దగా, దూరంవి చిన్నగా ఉన్నయేంటక్కా?" అని అడిగేవాళ్లు. నేతలో తప్పేం లేదు, నేను ఫోన్ ఏటవాలుగా పట్టుకోవడం వల్లే.

ఇప్పుడు చీరను ముడతల్లేకుండా చాప మీద పరిచి, అంచు పక్కన పది రూపాయల బిళ్ల పెడతాను. స్టూల్ ఎక్కి, చీరకు నాలుగడుగుల ఎత్తున ఫోన్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని 2 రెట్లు జూమ్ చేస్తాను. తెరమీద బిళ్ల కోడిగుడ్డులా సాగితే ఫోన్ వంగినట్టే. గుండ్రంగా కనిపించేదాకా సరిచేసి, అప్పుడే క్లిక్. నేతన్న కష్టం ఉన్నదున్నట్టు కనిపించాలి కదా.

కిటికీ వెలుగులోనే తీయండి, నెత్తిన లైటుంటే మీ నీడ చీర మీద పడుతుంది. కుచ్చిళ్లు పెట్టిన చీరకు మాత్రం ఇది పనిచేయదు.