కూలర్ తిరుగుతోంది, గది చల్లబడదు: బెజవాడ ఉక్కలో తేడా ఎక్కడ?

రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో కూడా గదిని చల్లబరిచిన కూలర్, మృగశిర రాగానే తడిగాలి విసరడం మొదలుపెడుతుంది. ప్రతి ఏడూ మా వీధిలో ఎవరో ఒకరు మోటార్ పోయిందనుకుని మెకానిక్‌ని పిలుస్తారు. నిజానికి కూలర్‌లో చల్లదనాన్ని పుట్టించే యంత్రం ఏదీ లేదు. ఫ్యాను, చిన్న పంపు, గడ్డి ప్యాడ్లు, అంతే. ప్యాడ్‌లోని నీరు ఆవిరి కావడానికి కావాల్సిన వేడిని, దాని మీదుగా వెళ్ళే గాలి నుంచే లాక్కుంటుంది. ఒక్క లీటరు ఆవిరైతే గాలి నుంచి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి పోతుంది. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు, నీరు ఆవిరి కావడం ఎక్కడ ఆగిందో చూడండి.

సమస్య: పది నిమిషాలు బాగుంటుంది, తర్వాత ఒళ్ళంతా జిగట.

కారణం: తలుపులు మూసి ఉన్నాయి. ఏసీకి అలా మూయాలి, కూలర్‌కి మూయకూడదు. గదిలోకి చేరిన ఆవిరికి బయటికి దారి లేక, ఆ తడిగాలే మళ్ళీ ప్యాడ్‌లోకి వెళ్తుంది.

పరిష్కారం: కూలర్ వెనకభాగం బయటికి ఉండేలా కిటికీలో పెట్టి, ఎదురు కిటికీ జానెడు తెరవండి. వన్ టౌన్ ఇరుకు ఇళ్ళలో ఎదురు కిటికీ ఉండదు కాబట్టి అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలి.

సమస్య: కిటికీలు తెరిచినా అంతే.

కారణం: బయటి గాలిలోనే తేమ ఎక్కువ. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే, ఆవిరి వల్ల గాలి 24 డిగ్రీల దాకా దిగగలదు. 36 డిగ్రీల రోజున తేమ 65 శాతం ఉంటే 30 దగ్గరే ఆగిపోతుంది. ఎండ తగ్గినా కూలర్ పనిచేయనట్టు అనిపించేది ఇందుకే. మీరే చూడొచ్చు: గది థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఫ్యాను కింద ఐదు నిమిషాలు ఉంచండి. అది చూపించే అంకె కన్నా కిందికి ఏ కూలరూ దించలేదు.

పరిష్కారం: అలాంటి రోజుల్లో పంపు ఆపి ఫ్యాను మాత్రమే తిప్పండి. మన ఒంటిని చల్లబరిచేదీ చెమట ఆవిరి కావడమే. తేమ ఇంకా పెంచితే చెమట ఆరదు. ఇంట్లో పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఉంటే దయచేసి ఈ ఒక్క మాట మర్చిపోవద్దు.

సమస్య: ఐసు వేసినా లాభం లేదు.

కారణం: కిలో ఐసు కరిగి, ఆ నీళ్ళు గది వేడికి చేరేదాకా పీల్చేది 450 కిలోజౌళ్ళే. పైన చెప్పిన 2,400తో పోల్చి చూడండి. ఆ డబ్బు కొత్త ప్యాడ్లకు పెట్టండి. బోరు నీళ్ళ సున్నం పట్టి గట్టిపడిన గడ్డి తడవదు.

సమస్య: కొత్తగా కొన్నప్పుడు చల్లబరిచిన కుండ, ఈ ఏడు చల్లబరచదు.

కారణం: ఇదీ ఆవిరి సంగతే. మట్టిలోని సన్నని రంధ్రాలు ఉప్పుతో పూడిపోయాయి.

పరిష్కారం: సబ్బు లేకుండా కొబ్బరిపీచుతో రుద్ది, ఎండబెట్టి, గాలి తగిలేచోట తడి ఇసుక మీద పెట్టండి. బయట పెయింట్ వేసిన కుండకి మాత్రం మందు లేదు. కొనేటప్పుడే పైన నాలుగు చుక్కల నీళ్ళు చల్లి చూడండి, మట్టి వెంటనే పీల్చుకోవాలి.