రీకాల్ అప్‌డేట్ తర్వాత హైబ్రిడ్ కారు మైలేజీ తగ్గిందా? ఇలా లెక్క తేల్చుకోండి

అమెరికాలో హైబ్రిడ్ కారు నడిపే మనవాళ్లకు రీకాల్ లెటర్ (లోపం సరిచేయడానికి కారు తీసుకురమ్మని కంపెనీ పంపే ఉత్తరం) రాగానే మొదలయ్యే టెన్షన్ ఒకటుంది: కారు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయిస్తే మైలేజీ పడిపోతుందేమో అని.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఇంజిన్ ఎప్పుడు ఆగాలో, బ్యాటరీ ఎంత సాయం చేయాలో చెప్పేది సాఫ్ట్‌వేరే. 2010లో హోండా సివిక్ హైబ్రిడ్‌లకు బ్యాటరీ మన్నిక కోసం అప్‌డేట్ ఇచ్చాక మైలేజీ తగ్గిందని ఓనర్లు కోర్టుకెక్కారు. 2013లో ఫోర్డ్ సీ-మ్యాక్స్‌ది ఉల్టా. మైలేజీ పెంచడానికే అప్‌డేట్ ఇచ్చి, కరెంటు మీదే వెళ్లగల వేగాన్ని గంటకు 62 మైళ్ల నుంచి 85కు పెంచారు. ఈ రెండూ రీకాళ్లు కావు, కానీ సాఫ్ట్‌వేర్ మారితే ఏం జరగొచ్చో చూపిస్తాయి.

అలాగని రీకాల్‌ను మాత్రం వాయిదా వేయకండి. 2014లో టయోటా 19 లక్షల ప్రియస్ హైబ్రిడ్ కార్లను వెనక్కి పిలిచింది, ట్రాన్సిస్టర్లు వేడెక్కి దెబ్బతింటే బండి నడిరోడ్డు మీద ఆగిపోవచ్చని. మైలు రెండు మైళ్ల కోసం ఆ రిస్క్ వద్దు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో విన్ (ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు) నంబరు కొడితే మీ కారుకు రీకాల్ బాకీ ఉందో లేదో తెలిసిపోతుంది.

సర్వీసుకు ఇచ్చే ముందు కనీసం రెండు ట్యాంకుల లెక్క రాసి పెట్టుకోండి. పంపు టక్కున ఆగిన చోటే ఆపండి, ఇంకాస్త పోయకండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ ఫుల్ చేసినప్పుడు తిరిగిన మైళ్లను పోసిన గ్యాలన్లతో భాగించండి. 9.5 గ్యాలన్లకు 456 మైళ్లు వస్తే మైలేజీ గ్యాలన్‌కు 48 మైళ్లు. స్క్రీన్ మీది అంకెను నమ్ముకోకండి, ఆ లెక్క వేసేదీ సాఫ్ట్‌వేరే కదా!

కారు తీసుకునేటప్పుడు ఏ కంట్రోల్ యూనిట్‌లో (కారులోని చిన్న కంప్యూటర్‌లో) ఏం మార్చారో బిల్లు మీద రాయించుకోండి. అప్‌డేట్ తర్వాత మొదటి ట్యాంకును లెక్కలోకి తీసుకోకండి. తర్వాతి మూడు ట్యాంకులు అదే పంపులో, అదే రూట్లో, టైర్లలో అదే గాలితో చూడండి. అక్టోబరు అంకెను జనవరి అంకెతో పోల్చకండి. చలికి హీటర్ కోసమే ఇంజిన్ ఎక్కువసేపు తిరుగుతుంది, టైర్లలో గాలీ తగ్గుతుంది.

ఇన్ని చూసుకున్నాక కూడా 48 కాస్తా 43 అయితే, ఆ కాగితాలతో సర్వీస్ అడ్వైజర్ దగ్గరికి వెళ్లి హైబ్రిడ్ బ్యాటరీ చెక్ చేయమని అడగండి.