పాత లెన్సు, కొత్త మిర్రర్‌లెస్: మధ్యలో అడాప్టర్ పెట్టే పేచీలు

పెళ్లి ఫొటోలు తీసేవాళ్లలో చాలామంది డీఎస్ఎల్ఆర్ పక్కనపెట్టి, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాకి మారిపోయారు. బాడీ మార్చినంత తేలిగ్గా లెన్సులన్నీ మార్చలేం కదా, అందుకని పాత లెన్సుని కొత్త బాడీకి కలిపే అడాప్టర్ ఒకటి బ్యాగులోకి వచ్చి చేరింది. హీలియోస్, టకుమార్ లాంటి ఫిల్మ్ కాలపు లెన్సు దొరికితే తగిలించి చూసే కుర్రాళ్లదీ అదే దారి. ఏదైనా తేడా వస్తే అందరూ ముందు లెన్సునే అనుమానిస్తారు. నన్నడిగితే మొదటి ముద్దాయి అడాప్టర్, రెండోది మెనూ, లెన్సు ఆఖర్న.

వెతికే ముందు అడాప్టర్ ఏ రకమో చూడండి. లోపలి అంచున బంగారు రంగు కాంటాక్టులు వరసగా ఉంటే అది ఎలక్ట్రానిక్. లేకపోతే ఉత్త లోహపు గొట్టం, ముందు ఏ లెన్సుందో కెమెరాకి తెలియనే తెలియదు. గొట్టం ఎందుకంటే, లెన్సు బిగించే చోటు, అంటే మౌంట్, నుంచి సెన్సర్‌కి దూరం నికాన్ డీఎస్ఎల్ఆర్ల ఎఫ్ మౌంట్‌లో 46.5 మి.మీ., మిర్రర్‌లెస్ జెడ్ మౌంట్‌లో 16 మి.మీ. ఆ మధ్య ఉన్న 30.5 మి.మీ.ని అడాప్టర్ పూరించాలి. కింద చెప్పేవాటిలో దూరం షార్ప్‌గా రాని గొడవ ఈ లెక్క తప్పడం వల్ల వచ్చేదే.

బటన్ నొక్కితే షట్టర్ పడదు

గొట్టం అడాప్టర్ పెడితే కెమెరా అసలు లెన్సే లేదనుకుంటుంది. సోనీలో "రిలీజ్ వితౌట్ లెన్స్", ఫూజీలో "షూట్ వితౌట్ లెన్స్" అనే సెట్టింగ్ ఆన్ చేయండి, అయిపోయింది. ఎపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, దాని అంకె తెరమీద రాదు, ఫొటో వివరాల్లోనూ ఉండదు. అది లోపం కాదు.

ఆటోఫోకస్ ఉలకదు పలకదు

నికాన్ వాళ్ల నుంచి ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇదే. 50 ఎఫ్ 1.8డి, 80-200 ఎఫ్ 2.8డి లాంటి లెన్సుల్లో మోటారు ఉండదు. మౌంట్ అంచున స్క్రూ తలకాయలాంటి చిన్న గాడి కనిపిస్తుంది చూడండి, పాత బాడీలోని మోటారు దాన్ని తిప్పేది. ఎఫ్ లెన్సుని జెడ్ బాడీకి కలిపే నికాన్ వారి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ మోటారు లేదు, ఎఫ్‌టీజెడ్ 2లోనూ లేదు. ఫర్మ్‌వేర్, అంటే లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్‌తో వచ్చేదీ కాదు. వీటి మీద ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లాంటి సొంత మోటారున్న లెన్సులకే ఆటోఫోకస్.

డి లెన్సు వాడాలంటే ఎపర్చర్ రింగును అన్నిటికన్నా పెద్ద అంకె దగ్గరికి తిప్పి లాక్ చేయండి. అప్పుడు ఎపర్చర్ కెమెరా డయల్‌తోనే మారుతుంది. ఫోకస్ చేత్తో తిప్పుతుంటే కుదిరిన చోట ఫోకస్ పాయింట్ పచ్చగా మారుతుంది. పోర్ట్రెయిట్లకి ఇది హాయిగా సరిపోతుంది. జీలకర్ర-బెల్లం దగ్గర మాత్రం ఈ ప్రయోగం వద్దు, ఆ క్షణం రెండోసారి రాదు. దానికి పాత బాడీయే దింపండి.

కానన్ డీఎస్ఎల్ఆర్ల ఈఎఫ్ లెన్సులకి కానన్ ఆర్ మిర్రర్‌లెస్ బాడీ మీద ఆ కంపెనీ అడాప్టర్‌తో ఈ బాధ దాదాపు లేదు. అవే లెన్సుల్ని సోనీ మీద పెడితేనే ఫోకస్ ముందుకీ వెనక్కీ తచ్చాడుతుంటుంది. కెమెరా ఆఫ్ చేసి లెన్సు తీసి, కాంటాక్టుల్ని పొడి మెత్తటి గుడ్డతో తుడవండి, అడాప్టర్ ఫర్మ్‌వేర్ చూడండి. వీడియోలో అప్పటికీ తచ్చాడితే చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి.

రింగు ఎంత తిప్పినా దూరంగా ఉన్నవి షార్ప్‌గా రావు

రాత్రిపూట దూరంగా సెల్‌టవర్ మీద వెలిగే ఎర్ర దీపాన్ని చూస్తూ, తెరమీద జూమ్ చేసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఫోకస్ చేయండి. రింగు చివరిదాకా పోయినా దీపం ఉబ్బిన బంతిలాగే ఉంటే అడాప్టర్ ఉండాల్సినదానికన్నా మందంగా ఉందన్నమాట.

ఎంత మందమైతే ఎంత దెబ్బ? ఫోకల్ లెంగ్త్‌ని, అంటే లెన్సు మీద రాసి ఉండే మి.మీ. అంకెని, దానితోనే హెచ్చించి, ఎక్కువైన మందంతో భాగించండి. 0.1 మి.మీ. ఎక్కువైతే 50 మి.మీ. లెన్సు 25 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. అదే అడాప్టర్ మీద 24 మి.మీ. లెన్సు ఆరు మీటర్లు కూడా దాటదు. అందుకే "నా యాభై బాగానే ఉంది, వైడ్ లెన్సే పాడు" అంటుంటారు. ఎపర్చర్‌ని ఎఫ్ 8కి మూసేస్తే తప్పు కొంత కప్పబడిపోతుంది, రోగం మాత్రం అలాగే ఉంటుంది. మందం ఎక్కువైన అడాప్టర్‌ని ఆకురాయి పట్టి అరగదీయకండి. ఒకవైపు ఎక్కువ అరిగితే లెన్సు వాలిపోయి, ఫ్రేములో ఒక పక్క షార్ప్‌గా, ఇంకో పక్క మసకగా వస్తుంది. వాపసు ఇచ్చేయడమే మేలు.

చవక అడాప్టర్లలో చాలామటుకు కావాలనే కాస్త పలచగా చేస్తారు, ఫోకస్ అందలేదన్న మాట రాకుండా. అప్పుడు రింగు అనంతం గుర్తు చేరకముందే దూరం షార్ప్ అయి, ఆపైన మళ్లీ మసకబారుతుంది. యాభైకి పట్టించుకోనక్కర్లేదు. ఫోకస్ తిప్పేకొద్దీ లోపలి అద్దాల మధ్య దూరం మారే వైడ్ లెన్సుల్లో మాత్రం మూలలు చెడతాయి. ఈ పలచని అడాప్టర్లని సరిచేయొచ్చు. అడాప్టర్ ముందు రింగు మరలు విప్పి, దాని ఆకారంలోనే వంటింటి అల్యూమినియం ఫాయిల్ కత్తిరించి కింద పరిచి బిగించండి. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో వందో వంతుకి కాస్త ఎక్కువ. ఒక పొర వేసి దీపం చూడటం, చాలకపోతే ఇంకో పొర వేయడం. ముడత పడకుండా, చుట్టూ సమంగా ఉండాలి.

ఎపర్చర్ రింగు తిరుగుతోంది, వెలుతురు మారడం లేదు

లెన్సుని ముందు నుంచి చూస్తూ రింగు తిప్పండి. లోపల ఎపర్చర్‌ని మూసే రేకులు, అంటే బ్లేడ్లు, కదలకపోతే కారణం మౌంట్‌ని బట్టి ఉంటుంది.

స్క్రూలా తిప్పి బిగించే ఎం42 మర లెన్సుల్లో వెనక ఒక చిన్న పిన్ను ఉంటుంది. అది లోపలికి నొక్కుకుంటేనే బ్లేడ్లు మూసుకుంటాయి. సూపర్ టకుమార్‌కి ఆటో-మాన్యువల్ మీట ఉంది, మాన్యువల్‌కి జరిపితే చాలు. మీట లేని లెన్సుకి పిన్నును నొక్కే లోపలి అంచున్న అడాప్టరే కొనాలి. పాత కానన్ ఎఫ్‌డీ లెన్సైతే అడాప్టర్ మీద రింగును లాక్ వైపు తిప్పారో లేదో చూడండి, ఓపెన్ దగ్గర ఉంటే లెన్సు ఎప్పుడూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. నికాన్ జి లెన్సుకి అసలు రింగే లేదు, ఉత్త గొట్టం పెడితే బ్లేడ్లు చివరిదాకా మూసుకుని ఫ్రేము చీకటి. దానికి రింగున్న అడాప్టర్ వేరే దొరుకుతుంది. ఈఎఫ్ లెన్సులో ఎపర్చర్ కరెంటుతో పనిచేస్తుంది కాబట్టి గొట్టంతో ఏ ఉపాయమూ లేదు.

పిన్నూ మీటా బాగానే ఉండి బ్లేడ్లు బద్ధకంగా కదులుతుంటే, వాటి మీదికి నూనె ఊరి ఉంటుంది. అది రిపేరు షాపు పని.

ఫొటో మధ్యలో తెల్లటి పొగ

ఎదురుగా వెలుతురు పడినప్పుడే వస్తోందా? అయితే లెన్సు తీసి అడాప్టర్ లోపలికి చూడండి. గోడ నిగనిగలాడుతుంటే వెలుతురు అక్కడ తగిలి సెన్సర్ మీద పడుతోంది. వెల్వెట్‌లాంటి నల్ల స్టిక్కర్ కాగితం లోపల అతికిస్తే పోతుంది, కాంటాక్టులకి తగలకూడదు.

ఏ వెలుతురులోనైనా పొగగానే ఉంటే చీకటి గదిలో లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూడండి. వేర్లలా పాకినవి కనిపిస్తే ఫంగస్. కాకినాడ, బందరు, విశాఖ గాలికి బీరువాలో పడి ఉన్న లెన్సులకి ఇది మామూలే. ఇకపై తేమ 40-50 శాతం మధ్య ఉండేలా డ్రై క్యాబినెట్‌లో పెట్టండి. లెదర్ కేసులో మాత్రం దాచకండి.

పొగ లేకుండా అంతా పసుపుగా వస్తే? కొన్ని టకుమార్ 50 ఎఫ్ 1.4 లెన్సుల్లో థోరియం కలిసిన గాజు ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. అల్ట్రావయొలెట్ దీపం కింద కొన్నాళ్లు పెడితే చాలావరకు తేరుకుంటుంది. రంగు ఒక్కటే ఇబ్బందైతే వైట్ బ్యాలెన్స్ చాలు.

స్టెబిలైజేషన్ ఆన్‌లో ఉన్నా ఫొటోలు కదిలిపోతున్నాయి

చేతి వణుకుని సర్దే స్టెబిలైజర్‌కి ఫోకల్ లెంగ్త్ కావాలి, గొట్టం అడాప్టర్‌తో కెమెరాకి అది తెలియదు. మెనూలో మీరే ఇవ్వాలి. నిన్న 28 పెట్టి ఈరోజు 135 తగిలించి, అంకె మార్చకపోతే స్టెబిలైజర్ తప్పు లెక్కతో పనిచేస్తుంది. చిన్న సెన్సరుండే ఏపీఎస్-సీ కెమెరాలోనూ లెన్సు మీద రాసి ఉన్న అంకెనే ఇవ్వండి, ఒకటిన్నర రెట్లు లెక్కగట్టి 50ని 75 చేయకండి.

పీకింగ్ ఎర్రగా మెరిసింది, ఫొటో మాత్రం షార్ప్ కాదు

పీకింగ్ అంటే ఫోకస్ కుదిరిన చోట తెరమీద రంగు పూసే సౌకర్యం. నిజానికి అది చూపేది ఎక్కువ కాంట్రాస్ట్ ఉన్న అంచుల్ని. జరీ చీర మీద అది ఊరికే మెరుస్తుంది. కంటి దగ్గరికి జూమ్ చేసి, తీయబోయే ఎపర్చర్ దగ్గరే ఫోకస్ చేయండి. పాత ఎఫ్ 1.4 లెన్సుల్లో కొన్నిటికి ఎపర్చర్ మూస్తే ఫోకస్ జరిగిపోతుంది.

మర లెన్సు బిగిస్తే అంకెలు కిందికి వస్తున్నాయి

ఎం42 అడాప్టర్ పక్కన మూడు చిన్న మరలుంటాయి. వాటిని సడలించి, లెన్సు బిగించి ఉండగానే లోపలి రింగును అంకెలు పైకి వచ్చేదాకా తిప్పి మళ్లీ బిగించండి. కొత్త అడాప్టర్‌ని కెమెరాకి పెట్టేముందు మాత్రం మరల గాడిని ఒకసారి బ్లోయర్‌తో ఊది, గుడ్డతో తుడవండి. చవక వాటిలో సన్నటి లోహపు రజను మిగిలి ఉంటుంది, అది సెన్సర్ మీద పడితే ఎఫ్ 16 దగ్గర ఆకాశమంతా నల్ల చుక్కలే.